ఏ వైద్య కళాశాల? – వ్యయం, స్థలం, పొందిక

ప్రతి సంవత్సరం ఉగాది రోజులలో అమెరికాలోని పెక్కు తెలుగు ఇళ్ళలో ఒకే విధమైన చర్చ వినవస్తుంది. వైద్యవిద్యకు దరఖాస్తు పెట్టిన బిడ్డకు రెండో మూడో కళాశాలలలో ప్రవేశం లభించి ఉంటుంది. ఏప్రిల్ 30వ తేదీ నాటికి వాటిలో ఒకదానిని మాత్రమే నిలుపుకొని తక్కినవాటిని వదలుకోవడం ఎం.డి. పట్టం ఇచ్చే కళాశాలలలో సాధారణంగా అమలయ్యే పద్ధతి. ఒకటి సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ కళాశాల; ఇంటికి రెండు గంటల ప్రయాణం. మరొకటి వెయ్యి మైళ్ళ దూరాన ఉన్న ప్రైవేటు కళాశాల, దాని పేరు చెప్పగానే బంధుమిత్రులు "అబ్బో!" అంటారు. తండ్రిది ఒక మాట, తల్లిది మరొక మాట. బిడ్డ మాత్రం మౌనంగా ఉంటుంది. ఈ మూడు వారాలలో జరిగే నిర్ణయం తరువాతి ఇరవై సంవత్సరాల జీవితాన్ని ప్రభావితం చేస్తుంది. కనుక దానిని కొంత శాస్త్రీయ దృష్టితో పరిశీలించడం అవసరం.

ర్యాంకు నేర్పిన అలవాటు

ఆంధ్రప్రదేశ్‌లో వైద్యవిద్య అభ్యసించిన తరానికి ఇటువంటి చిక్కు పెద్దగా ఎదురు కాలేదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల ప్రాంతాలుగా సీట్లు విభజింపబడ్డాయి. తరువాత ఎంసెట్ వచ్చింది. 2017 నుండి రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఆ స్థానాన్ని నీట్ ఆక్రమించింది. పరీక్ష ఏదైనా సూత్రం ఒక్కటే: ర్యాంకు వస్తుంది, ర్యాంకును బట్టి సీటు వస్తుంది. 1923లో విశాఖపట్నంలో వెలసిన ఆంధ్ర వైద్య కళాశాల అయినా, 1946లో ఆరంభమైన గుంటూరు వైద్య కళాశాల అయినా, విద్యార్థి కళాశాలను ఎన్నుకున్నాడనడం కంటే ర్యాంకు ఎన్నుకున్నదనడమే సమంజసం. ప్రభుత్వ కళాశాలలలో రుసుము నామమాత్రం గనుక ధర గురించిన ఆలోచనే ఉండేది కాదు.

అదే అలవాటు సముద్రాలు దాటి వచ్చింది. ఇక్కడ ఎంసెట్ ర్యాంకు లేదు గనుక, పత్రికలు ప్రకటించే కళాశాలల ర్యాంకులు ఆ లోటును భర్తీ చేశాయి. విద్యార్థికి ఉండిన ర్యాంకు ఇప్పుడు కళాశాలకు వచ్చింది. చూసే దృష్టి మాత్రం మారలేదు.

రసాయన శాస్త్ర ప్రయోగశాలలో ఒక పరికరం ఏదైనా సంఖ్యను చూపితే, ఆ పరికరం దేనిని కొలుస్తున్నదో ముందుగా తెలుసుకుంటారు. ఆ తరువాతనే సంఖ్యను నమ్ముతారు. అమెరికాలో ఎక్కువ ప్రచారం పొందిన యు.ఎస్. న్యూస్ పత్రిక పరిశోధన విభాగపు జాబితా ప్రధానంగా కొలిచినవి ఇవి: జాతీయ ఆరోగ్య సంస్థల నుండి కళాశాల ఆచార్యులు సంపాదించిన పరిశోధన నిధులు, ఇతర కళాశాలల పెద్దలకు దానిపై ఉన్న అభిప్రాయం, చేరిన విద్యార్థుల పరీక్షా మార్కులు. రోగి పక్కన నిలబడి ఎట్లా ప్రశ్నించాలో, గుండె చప్పుడును ఎట్లా వినాలో విద్యార్థికి ఎంత బాగా నేర్పుతారన్నది ఆ కొలతలో లేదు. 2023 జనవరిలో హార్వర్డ్ వైద్య కళాశాల ఈ జాబితాకు సమాచారం ఇవ్వడం మానివేసింది. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, పెన్సిల్వేనియా వంటివి ఆ దారినే అనుసరించాయి. 2024లో ఆ పత్రిక వరుస సంఖ్యలను విడిచి, కళాశాలలను నాలుగు శ్రేణులుగా మాత్రమే ప్రకటించింది. కొలిచేవారే సంఖ్యను వదలిన తరువాత కుటుంబాలు దానిని పట్టుకొని కూర్చోవడంలో అర్థం లేదు.

అందరికీ ఒకే పునాది

కళాశాలల మధ్య తేడాలు ఉన్నాయి. అయితే అవి సామాన్యంగా భావించేటంత పెద్దవి కావు. దీనికి ఒక చారిత్రక కారణం ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో అమెరికాలోని వైద్య కళాశాలలు అనేకం కేవలం వ్యాపార సంస్థలు; ప్రయోగశాల లేకుండా, రోగిని చూపకుండా పట్టాలు ఇచ్చేవి. వైద్యుడు కాని అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే విద్యావేత్త, కార్నెగీ సంస్థ పక్షాన అమెరికా, కెనడాలలోని 155 కళాశాలలను పరిశీలించి 1910లో నివేదిక ప్రకటించాడు. తరువాతి రెండు దశాబ్దాలలో అనేక కళాశాలలు మూతపడ్డాయి. నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన కళాశాలలలో హోవర్డ్, మెహారీ మాత్రమే మిగలడం ఆ సంస్కరణకు మరొక ముఖం. 1942 నుండి ఎల్.సి.ఎం.ఇ. అనే సంస్థ ఎం.డి. కళాశాలలకు గుర్తింపు ఇస్తున్నది. ఆ గుర్తింపు ఉన్న ప్రతి కళాశాల నిర్ణీత ప్రమాణాలను పాటించవలసిందే. వాటి విద్యార్థులందరూ వ్రాసే లైసెన్సు పరీక్షలు కూడా ఒక్కటే.

డి.ఓ. పట్టం విషయంలోనూ పాత అపోహలు కొన్ని ఉన్నాయి. ఆండ్రూ టేలర్ స్టిల్ 1892లో మిస్సోరి రాష్ట్రపు కర్క్స్‌విల్‌లో నెలకొల్పిన ఆస్టియోపతిక్ కళాశాలతో మొదలైన ఈ శాఖ పట్టభద్రులకు నేడు 50 రాష్ట్రాలలోనూ సంపూర్ణ వైద్యాధికారం ఉన్నది. 2020 నుండి ఎం.డి., డి.ఓ. పట్టభద్రుల రెసిడెన్సీ శిక్షణకు గుర్తింపు ఇచ్చే వ్యవస్థ ఒక్కటే. పోటీ తీవ్రంగా ఉండే కొన్ని శస్త్రచికిత్స శాఖలలో డి.ఓ. అభ్యర్థులకు దారి ఇప్పటికీ ఇరుకే. కుటుంబ వైద్యం, శిశువైద్యం, అంతర్వైద్యం వంటి శాఖలలో ఆ ఇరుకు అంతగా లేదు.

అప్పు లెక్క

అమెరికా వైద్య కళాశాలల సంఘం అంచనా ప్రకారం 2025లో పట్టా పొందిన తరగతికి నాలుగు సంవత్సరాల మొత్తం వ్యయం, జీవన ఖర్చులతో కలిపి, మధ్యమ విలువగా చూస్తే ప్రభుత్వ కళాశాలలలో సుమారు 2 లక్షల 86 వేల డాలర్లు. ప్రైవేటు కళాశాలలలో సుమారు 3 లక్షల 90 వేల డాలర్లు. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి తేడా లక్ష డాలర్లే అనుకోవడం పొరపాటు. అప్పు తెచ్చిన సొమ్ము అప్పు తీరేనాటికి ఎంత అవుతుందో చూడాలి.

ఉదాహరణకు, శిశువైద్యం చేయాలని కోరుకునే ఒక అమ్మాయిని ఊహించుకోవచ్చు. సొంత రాష్ట్రపు కళాశాలకు సంవత్సరానికి 65 వేల డాలర్లు, దూరాన ఉన్న ప్రైవేటు కళాశాలకు లక్ష డాలర్లు అవసరమని అనుకుందాం. తల్లిదండ్రులు ఎక్కడ చదివినా ఏటా 25 వేలు ఇవ్వగలరు. అంటే దూరపు కళాశాలకు ప్రతి సంవత్సరం అదనంగా 35 వేలు అప్పు చేయాలి. నాలుగేళ్ళకు ఆ అదనం లక్షా 40 వేలు.

వడ్డీ 8 శాతం అనుకుంటే – 2025–26 విద్యాసంవత్సరానికి ప్రభుత్వ రుణాలపై వడ్డీ 7.94 శాతం – చదువుతున్న కాలంలోనే బారువడ్డీ 28 వేలు చేరుతుంది. శిశువైద్య రెసిడెన్సీ మూడు సంవత్సరాలు. మొదటి ఏడాది జీతం సుమారు 65 నుండి 70 వేలు. ఆ మూడేళ్ళూ ఏమీ చెల్లించకపోతే మరో 33,600 డాలర్ల వడ్డీ. అసలు, వడ్డీ కలిసి 2,01,600 డాలర్లు అవుతుంది. దానిని పదేళ్ళలో సమాన వాయిదాలలో తీర్చాలంటే నెలకు సుమారు 2,446 డాలర్లు. పదేళ్ళకు చెల్లించే మొత్తం 2 లక్షల 93 వేలకు పైమాట. లక్షా 40 వేలుగా కనిపించిన తేడా రెట్టింపును దాటింది. ఇది రెండు కళాశాలల మధ్య తేడాకు మాత్రమే అయిన లెక్క. మొదటి అప్పు దీనికి వేరుగా ఉంటుంది.

ఈ అప్పు రెసిడెన్సీ తరువాత కూడా వైద్యుల వెంట నడుస్తుంది. ఇతర శాఖలతో పోలిస్తే శిశువైద్యులకు, కుటుంబ వైద్యులకు ఆదాయం తక్కువ. నెలనెలా వాయిదా కట్టవలసిన యువవైద్యురాలు, తనకు ఇష్టమైన శాఖను వదలి ఎక్కువ ఆదాయం ఇచ్చే శాఖ వైపు చూడవలసి రావచ్చు. కళాశాల పేరు కోసం చేసిన అప్పు, ఏ కోరికతో వైద్యవిద్యలో చేరిందో ఆ కోరికనే మార్చివేయగలదు.

2026 నుండి ఈ లెక్క మరింత కఠినమయింది. 2006 నుండి అమలులో ఉండిన గ్రాడ్ ప్లస్ రుణం ద్వారా విద్యార్థి మొత్తం వ్యయానికి సరిపడా ప్రభుత్వం నుండే అప్పు పొందగలిగేవాడు. 2025 జూలై 4న అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, 2026 జూలై 1 తరువాత కొత్తగా అప్పు తీసుకొనేవారికి ఆ వసతి లేదు. వైద్యవిద్యార్థికి సంవత్సరానికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లు గరిష్ఠ పరిమితి. పై ఉదాహరణలోని అమ్మాయికి దూరపు కళాశాలలో ఏటా 75 వేలు అప్పు కావాలి. ఆపై 25 వేలు ప్రైవేటు బ్యాంకుల నుండి తేవాలి. అటువంటి అప్పుకు సాధారణంగా తల్లిదండ్రుల పూచీ సంతకం అడుగుతారు. లాభాపేక్ష లేని ఆసుపత్రులలోనో, ప్రభుత్వ ఆసుపత్రులలోనో పనిచేస్తూ 120 వాయిదాలు చెల్లిస్తే మిగిలిన అప్పును రద్దు చేసే పథకం 2007 నుండి ఉన్నది. అయితే అది ప్రభుత్వ రుణాలకే వర్తిస్తుంది. ప్రైవేటు రుణాలకు వర్తించదు.

తెలుగు కుటుంబాలలో పలువురికి ఇంకొక చిక్కు ఉన్నది. అమెరికా పౌరసత్వమో, గ్రీన్‌కార్డో లేని విద్యార్థులు, అనగా హెచ్-4 వీసాపై పెరిగిన పిల్లలు, ప్రభుత్వ రుణాలకు అర్హులు కారు. చాలా ప్రభుత్వ కళాశాలలు అటువంటివారి దరఖాస్తులనే స్వీకరించవు. 21 సంవత్సరాలు నిండిన తరువాత హెచ్-4 హోదా కూడా ఉండదు. ఈ సంగతి డిగ్రీ చదువు మొదట్లోనే తెలుసుకుంటే ప్రత్యామ్నాయాలు ఆలోచించుకొనే వ్యవధి దొరుకుతుంది.

ఇందుకు భిన్నమైన శుభవార్తలూ ఉన్నాయి. న్యూయార్క్ విశ్వవిద్యాలయం 2018లో తన వైద్య విద్యార్థులందరికీ బోధన రుసుము రద్దు చేసింది. 2024లో వంద కోట్ల డాలర్ల విరాళంతో బ్రాంక్స్‌లోని ఐన్‌స్టీన్ వైద్య కళాశాల అదే పని చేసింది. అదే సంవత్సరం జాన్స్ హాప్కిన్స్, వార్షికాదాయం 3 లక్షల డాలర్లకు లోపు ఉన్న కుటుంబాల పిల్లలకు బోధన రుసుము మినహాయించింది. కనుక ప్రైవేటు కళాశాల అనగానే ఖరీదు అని తీర్మానించరాదు. ప్రకటించిన ధరను పక్కన పెట్టి, ఉపకారవేతనం పోను తమ చేతి నుండి పోయేది ఎంత అన్నదే చూసుకోవాలి. రెండు కళాశాలల నుండి సహాయపత్రాలు వచ్చిన తరువాత, ఒకదానిని రెండవదానికి చూపి సహాయం పెంచమని మర్యాదగా అడగడంలోనూ తప్పు లేదు.

స్థలం

దూరపు కొండలు నునుపు అన్నారు. పేరున్న నగరం కన్నులకు ఇంపుగానే ఉంటుంది. వైద్యవిద్యలో స్థలమంటే ప్రధానంగా ఆసుపత్రి అని గ్రహించాలి. మొదటి ఏడాదిన్నరో రెండేళ్ళో తరగతి గదిలో గడుస్తుంది. మిగిలిన కాలమంతా వార్డులలోనే. అక్కడికి వచ్చే రోగులే విద్యార్థికి పాఠ్యగ్రంథాలు. డల్లాస్‌లోని పార్క్‌లాండ్, అట్లాంటాలోని గ్రేడీ, హ్యూస్టన్‌లోని బెన్ టాబ్ వంటి పెద్ద ప్రజా ఆసుపత్రులలో శిక్షణ పొందేవారు బీమా లేని పేదలను, ముదిరిన వ్యాధులను దగ్గరగా చూస్తారు. కొన్ని కొత్త కళాశాలలకు సొంత ఆసుపత్రి ఉండదు. విద్యార్థులను వేర్వేరు ఊళ్ళలోని ఆసుపత్రులకు పంపుతాయి. దానివలన వైవిధ్యం లభించవచ్చు. మూడవ ఏట ప్రతి రెండు నెలలకూ ఇల్లు మారవలసిన అవస్థా రావచ్చు. ఈ సంగతి ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

రాష్ట్ర నివాసపు నియమాలు కూడా ముఖ్యమైనవే. టెక్సాస్ ప్రభుత్వ వైద్య కళాశాలలలో బయటి రాష్ట్రాలవారికి పదింట ఒక వంతుకు మించి సీట్లు ఇవ్వరాదు. అక్కడి బోధన రుసుము తక్కువ. జార్జియాలోని మెర్సర్ కళాశాల ఆ రాష్ట్రవాసులనే చేర్చుకుంటుంది. సొంత రాష్ట్రం ఇచ్చే ఈ హక్కును పొరుగింటి పుల్లకూర మీది మోజుతో వదలుకోవడం తేలిక. తిరిగి సంపాదించడం కష్టం.

ఇంటికి దగ్గర అన్నది బలహీనతగా భావించేవారున్నారు. సుదీర్ఘమైన డ్యూటీ ముగించుకొని వచ్చిన విద్యార్థికి రెండు గంటల దూరంలో అమ్మ చేతి అన్నం ఉండడం చిన్న విషయం కాదు. మరొకరికి ఇంటి నుండి దూరంగా నిలదొక్కుకోవడమే అవసరం కావచ్చు. ఏది ఎవరికి మేలో ఇంటి పెద్దలకన్న ఆ విద్యార్థికే బాగా తెలుస్తుంది. వైద్యులలో సగానికి పైగా రెసిడెన్సీ చేసిన రాష్ట్రంలోనే స్థిరపడుతున్నారు. అందుచేత తుది మజిలీని నిర్ణయించడంలో వైద్య కళాశాల ఉన్న ఊరికన్న రెసిడెన్సీ చేసిన ఊరికే పాత్ర ఎక్కువ.

పొందిక

ఒకే ద్రావణంలో ఒక పదార్థం కరుగుతుంది, మరొకటి అడుగున పేరుకుంటుంది. ఇందులో పదార్థం తప్పూ లేదు, ద్రావణం తప్పూ లేదు. కళాశాలకూ విద్యార్థికీ మధ్య సంబంధం కూడా ఇటువంటిదే.

క్లీవ్‌లండ్ క్లినిక్‌లోని లెర్నర్ కళాశాలలో చదువు ఐదేళ్ళు; పరిశోధన తప్పనిసరి; గ్రేడ్లు ఉండవు; బోధన రుసుము విద్యార్థి చెల్లించనవసరం లేదు. పరిశోధకుడు కాదలచినవానికి అది స్వర్గం. త్వరగా రోగుల మధ్యకు వెళ్ళదలచినవానికి ఆ ఐదవ ఏడు భారం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 1971 నుండి పొరుగు రాష్ట్రాల విద్యార్థులను కూడా చేర్చుకొని, అలాస్కా, మోంటానా, ఐడహో వంటి చోట్ల చిన్న ఊళ్ళలో శిక్షణ ఇస్తున్నది. పల్లె వైద్యంపై మక్కువ ఉన్నవారికి అంతకు మించిన బడి అరుదు.

కళాశాలను చూడడానికి వెళ్ళినప్పుడు భవనాలను చూసి మురిసిపోయే బదులు నాలుగవ సంవత్సరపు విద్యార్థులను కొన్ని ప్రశ్నలు అడగాలి. తరగతి పరీక్షలలో గ్రేడ్లా, లేక ఉత్తీర్ణత మాత్రమేనా? వెనుకబడిన విద్యార్థికి ఎవరు, ఎప్పుడు సహాయం చేస్తారు? గడిచిన సంవత్సరాలలో సకాలంలో చదువు ముగించలేకపోయినవారు ఎందరు? తాను కోరుకునే శాఖకు ఆ కళాశాలలో సొంత విభాగం, శిక్షణ ఉన్నాయా? ఈ ఆఖరి ప్రశ్న ముఖ్యమైనది. చర్మవ్యాధులు, మెదడు శస్త్రచికిత్స వంటి శాఖలలో ఆ విభాగపు ఆచార్యులు స్వయంగా పని చూసి ఇచ్చే సిఫారసు లేఖకు విలువ ఎక్కువ. 2022 జనవరి 26 నుండి లైసెన్సు పరీక్ష మొదటి దశలో మార్కులు తీసివేసి ఉత్తీర్ణత మాత్రమే ప్రకటిస్తున్నారు. దానితో రెండవ దశ మార్కులకు, వార్డులలో చూపిన ప్రతిభకు, లేఖలకు ప్రాధాన్యం పెరిగింది. పరిశోధన రంగంలోనో, పోటీ తీవ్రంగా ఉన్న శాఖలలోనో స్థానం కోరేవారికి పేరున్న కళాశాల నిజంగానే ఉపకరించవచ్చు. పై ఉదాహరణలోని అమ్మాయి శిశువైద్యం బదులు జన్యుశాస్త్ర పరిశోధనను కోరుకొని ఉంటే, అవే సంఖ్యలకు జవాబు వేరు కావచ్చు.

నిజమైన వరుస

రెసిడెన్సీ సీట్ల పంపిణీ వెనుక ఉన్న గణితం ఈ సందర్భంలో ఒక మంచి పాఠం చెబుతుంది. 1940లలో అమెరికా ఆసుపత్రులు పోటీపడి విద్యార్థులకు మరీ ముందుగా ఉద్యోగాలు ఇవ్వజూపేవి. జవాబుకు కొన్ని గంటల గడువు మాత్రమే ఇచ్చేవి. ఆ గందరగోళాన్ని తొలగించడానికి 1952 నుండి "మ్యాచ్" అనే కేంద్రీకృత పద్ధతి అమలులోకి వచ్చింది. విద్యార్థులు ఆసుపత్రులను, ఆసుపత్రులు విద్యార్థులను తమ ఇష్టానుసారం వరుసలో వ్రాసి ఇస్తారు. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే గణితవేత్తలు ఇటువంటి జతలను కుదిర్చే విధానాన్ని నిరూపించారు. ప్రతి విద్యార్థి తరఫున మొదట అతని మొదటి కోరికను అడుగుతారు. ఆసుపత్రి తనకు నచ్చినవారిని తాత్కాలికంగా ఉంచుకొంటుంది. అంతకంటె నచ్చినవారు వస్తే మునుపటివారిని విడుస్తుంది. విడువబడినవారు తమ తరువాతి కోరికకు వెళతారు. ఎవరూ మిగలనంతవరకు ఇది సాగుతుంది. ఆల్విన్ రాత్ తన సహచరునితో కలిసి ఈ పద్ధతిని సవరించగా 1998 నుండి అది విద్యార్థులకు అనుకూలంగా నడుస్తున్నది. రాత్, షాప్లీలకు 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఈ పద్ధతిలో విద్యార్థి ఎత్తులు, పైఎత్తులు వేయనవసరం లేదు. తన మనసులోని నిజమైన వరుసను వ్రాయడమే అతనికి అత్యంత లాభదాయకమని గణితం నిరూపిస్తున్నది. అయితే ఆ వరుస ఏదో గణితం చెప్పలేదు. దానిని విద్యార్థి తెచ్చుకోవలసిందే. వైద్య కళాశాల ఎంపికకు ఇటువంటి యంత్రాంగం చాలా చోట్ల లేదు గనుక, అక్కడ ఆ పని మరింత జాగ్రత్తగా చేయాలి.

తల్లిదండ్రులు చేయదగినవి మూడు పనులు ఉన్నాయి. తాము ఇవ్వగలిగిన సొమ్ము ఎంతో ముందుగానే, దాచకుండా చెప్పడం మొదటిది. ఇల్లు తాకట్టు పెట్టో, పదవీవిరమణకు దాచుకున్నది తీసో ఇవ్వదలిస్తే ఆ సంగతి కూడా చెప్పాలి. అప్పు తీరేనాటి మొత్తాన్ని బిడ్డతో కలిసి కాగితం మీద వేసి చూడడం రెండవది. మూడవది కష్టమైనది: ఆ తరువాత కాసేపు మాట్లాడకుండా ఉండడం. ఏప్రిల్ ఆఖరున ఒక సాయంత్రం భోజనాల బల్ల మీద ఆ కాగితం ఉంటుంది. అంకెలు తండ్రి వేసినవి కావచ్చు, కూడిక తల్లి సరిచూసినది కావచ్చు. కళాశాలల వరుసలో మొదటి పేరు మాత్రం బిడ్డ చేతివ్రాతలో ఉండాలి.